కొరియా పొయ్యి చుట్టూ ఏడుగురం

సామాన్లు శనివారమే వెళ్లిపోయాయి. మనుషులు మాత్రం ఆదివారం దాకా ఆగారు.

మా ఆయనకు అన్న అయిన మా బావ, పోచారంలోని ఐటీ క్యాంపస్‌కు ఉద్యోగులను చేరవేసే క్యాబ్ నడుపుతారు. నాచారం నుంచి చీకటితో లేచి అంత దూరం పోవడం కష్టమైపోయి, అక్కడే చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి, అంటే పన్నెండేళ్లుగా, రెండు కాపురాలకూ ఒకటే వంటిల్లు. ఇక నుంచి పొయ్యిలు రెండు. అత్తమ్మ మాతోనే నాచారంలో ఉంటుంది, చర్చి దగ్గరని.

దూరమొక్కటే కారణమా అని గల్లీలో గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. రెండు కొప్పులు ఒకచోట ఇమడవని అనేవాళ్లు అననే అన్నారు. వాళ్ల తప్పేం లేదు. నేనూ మా తోటికోడలు కరుణక్కా అయిదు నెలలుగా మాట్లాడుకోవడం లేదు మరి. ఎందుకో చెబితే నవ్వుతారు. చుట్టాలొచ్చిన రోజు కూర సగం ఉడికాక గ్యాస్ సిలిండర్ అయిపోయింది. నువ్వు బుక్ చేస్తావనుకున్నానని ఆమె, నువ్వే చేస్తావనుకున్నానని నేను, వాళ్ల ముందే మాటా మాటా అనుకున్నాం. ఆ రోజు నుంచి మా మధ్య రాయబారాలన్నీ పిల్లలవే. మావాడు జోయల్‌ను పిలిచి, "పాలు పొంగుతున్నయని పెద్దమ్మకు జెప్పురా" అంటాను. వాడు టీవీ ముందు నుంచి లేచి వచ్చేసరికి పాలు పొయ్యి మీద ఉండేవి కావు, గచ్చు మీద ఉండేవి.

ఒక్క వంటింట్లో తిరుగుతూ కలవని మాట, నాచారానికీ పోచారానికీ మధ్య ఏం కలుస్తుంది? ఈ ఆదివారం కూడా మూగగా విడిపోతే, ఇక పెళ్లిళ్లలో ఎదురుపడి ముఖం తిప్పుకునే చుట్టాల్లో మేమూ చేరిపోతాం. అది తలుచుకుంటే నాకు భయం వేసేది. అలాగని ముందు నేనెందుకు మాట్లాడాలి? అక్కకూ అదే పంతం.

వెళ్లే ముందు ఒక్కపూట అందరం కలిసి తినాలని అత్తమ్మ పట్టుబట్టింది. పెద్ద గిన్నెలన్నీ లారీలో పోయాయి కాబట్టి బయటే తినాలి. బావ బిర్యానీ అన్నారు. తొమ్మిదో తరగతి చదువుతున్న వాళ్ల అమ్మాయి కీర్తన ఒప్పుకోలేదు.

"బిర్యానీ ఎప్పుడన్న తినొచ్చు డాడీ. ఉప్పల్ల కొరియన్ హోటల్ వెట్టిన్రు. ఫ్యామిలీ సెట్ తీసుకుంటే మనిషికి మూడు వందలు గూడ కావు."

"ఆడ పాములు గిట్ల పెడ్తరా ఏంది?" అంది అత్తమ్మ.

"కాదు నానమ్మా, కోడి. మన కోడే."

ధర విని బావ, కోడి అని విని అత్తమ్మ ఒప్పుకున్నారు. నన్నూ అక్కనూ ఎవరూ అడగలేదు. అడిగితే చెరో పిల్లను వెతుక్కోవాలి మేం.

చర్చి పన్నెండింటికి వదిలారు. మేం నాచారం బస్టాపుకు వచ్చేసరికి మబ్బు పట్టి ఉంది. ఆదివారం మధ్యాహ్నం నాచారం చూడాలి మీరు. ఫ్యాక్టరీల గేట్లకు తాళాలు, లారీలన్నీ వరసగా నిద్రలో. మిగతా ఆరు రోజులూ ఆ రోడ్డు మీద ఉరుకుల పరుగుల మీద పనికి పోయే నాకు, ఆ నిశ్శబ్దంలో నిలబడితే వేరే ఊరికి వచ్చినట్టే అనిపిస్తుంది. గాలిలో బిస్కెట్ వాసన లాంటిది సన్నగా వస్తోంది. ఎక్కడి నుంచో తెలియదు.

హబ్సిగూడ బస్సు ఎక్కాం. అక్కడ దిగి ఉప్పల్‌కు మరో బస్సు పట్టుకోవాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు నేరుగా ఆటో మాట్లాడుకుంటే సుఖమే కానీ, ఏడుగురు ఒక ఆటోలో పట్టరు, బావ నడిపే క్యాబేమో కంపెనీది. పైగా బస్సులో ఆడవాళ్లకు ఉచితం. కండక్టరమ్మ మా నలుగురికీ జీరో టికెట్లు కొట్టి, మగవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటూ, "ఏంది, ఇంటిల్లిపాది బయలెల్లిన్రు?" అంది.

"కొరియా హోటల్‌కు పోతున్నం" అన్నాడు జోయల్, బస్సంతా వినేలా.

మా వెనక సీట్లో మౌలాలి నుంచి వస్తున్న ముసలాయన మెల్లగా ముందుకు వంగాడు. "కొరియాకా బిడ్డా? గా దేశం ఉప్పల్ల ఎప్పుడు దిగింది?"

"ఈ మధ్యనే తాతా."

"ఏమో. నా చిన్నతనంల ఉప్పల్ అంటె పొలాలే. ఇగ గిదొక్కటే తక్కువుండె" అని మళ్లీ వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

అక్క నా ముందు సీట్లో కూర్చుంది. కిటికీ గాలికి ఆమె జడలోంచి విడిన వెంట్రుకలు ఎగురుతున్నాయి. అలవాటుగా చెయ్యి చాచి వాటిని చెవి వెనక్కి సర్దబోయి, సగంలో ఆపుకున్నాను. హబ్సిగూడ వచ్చేదాకా ఆ చెయ్యి ఏం చేయాలో తెలియక సంచీ పట్టుకుని కూర్చున్నాను.

ఉప్పల్‌లో దిగేసరికి ఒంటిగంట దాటింది. చినుకులు మొదలయ్యాయి. మెట్రో కింద నడిస్తే తడవం కానీ, స్తంభాల మధ్య నుంచి ఎవరు ఏ వైపు నుంచి బండి తోలుకొస్తారో దేవుడికే ఎరుక. హోటల్ ఒక బట్టల దుకాణం పైన, మొదటి అంతస్తులో ఉంది. బోర్డు మీద పెద్ద అక్షరాలు కొరియావి, చిన్న అక్షరాలు ఇంగ్లీషువి. మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే మెల్లగా ఎక్కించండి. అత్తమ్మకు ఒక పక్క మా ఆయన, ఒక పక్క బావ రెక్క పట్టుకున్నారు. ఆమె ప్రతి మెట్టుకూ ఒక స్తోత్రం చెప్పింది.

లోపల అడుగు పెట్టగానే బయటి మోత చెవుల్లోంచి జారిపోయింది. పచ్చటి దీపాలు, చెక్క బల్లలు, ఎక్కడో సన్నగా పాట. కిటికీ అద్దానికి ఆవిరి పట్టి ఉంది. దాని వెనక, మా కళ్లకు కాస్త ఎత్తున, మెట్రో రైలు చప్పుడు లేకుండా పోయింది. వెలిగే పెట్టెలు ఒకదాని వెంట ఒకటి వానలో తేలుతూ పోతుంటే, రైలు కదులుతోందో మేం కదులుతున్నామో కాసేపు నాకు తెలియలేదు. వెళ్లేవాళ్లు కిటికీ పక్క బల్లే అడగండి. అడిగితే ఇస్తారు.

హోటల్ నడిపేది మణిపూర్ నుంచి వచ్చిన దంపతులు. భర్త వంటగదిలో, భార్య బయట. ఆమెకు తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చు, మధ్యలో హిందీ. "ఏడుగురా? రెండు టేబుల్స్, రెండు స్టవ్స్ పెట్టాలా? లేకపోతే జోడించాలా?" అని అడిగింది.

 బావ మా ఆయన వైపు, మా ఆయన బావ వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. వేరు పడుతున్నారా అని ఇంత సూటిగా మమ్మల్ని అడిగిన మొదటి మనిషి ఆమే.

"ఒక్కటే బల్ల. ఒక్కటే పొయ్యి" అంది అత్తమ్మ.

రెండు బల్లలు కలిపి మధ్యలో చేతి సంచీ అంత గ్యాస్ పొయ్యి పెట్టింది ఆమె. దాని మీద ఇనప పెనం. అత్తమ్మ కొసన కూర్చుంది. పొయ్యికి ఇటు నేను, అటు అక్క, ఎదురెదురుగా. ఎవరూ కావాలని కూర్చోబెట్టలేదు. వంట దగ్గరున్న చోటికి మా ఇద్దరి కాళ్లూ వాటంతటవే పోయాయి.

ముందు చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. పులియబెట్టిన క్యాబేజీ, దాన్ని కిమ్చి అంటారు. మొలకలు, దోసకాయ ముక్కలు, తీపి కలిసిన ఆలుగడ్డ. ఇవన్నీ సెట్‌తో పాటే ఇస్తారు, అయిపోతే మళ్లీ తెచ్చి పెడతారు, దానికి డబ్బులుండవు. ఈ సంగతి తెలియక మొదట ఒక్కో గిన్నెనూ పొదుపుగా తిన్నాం. మీరు అలా చేయకండి. అత్తమ్మ కిమ్చి కొస కొరికి, కళ్లు మూసి, చాలాసేపు నమిలింది.

"మంచిగనే ఉన్నది. జర పులిసింది గని, పులుపే మంచిగున్నది. అన్నంల కలుపుకుంటె గింకా మంచిగుంటది."

ఆ తర్వాత మసాలా పట్టించిన కోడి ముక్కలు పళ్లెం నిండా, పచ్చివి. పక్కన పాలకూర కంటే వెడల్పాటి లేత ఆకులు. హోటలామె పొయ్యి వెలిగించి, ముక్కలు పెనం మీద పరిచి, ఎలా తినాలో చేతులతో చూపించింది. ముక్క కాలాక ఆకులో పెట్టాలి, ఎర్రటి కారం ముద్ద కొంచెం రాయాలి, మడిచి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. "రెండు నిమిషాలు ఒక సైడ్, తర్వాత తిప్పాలి" అని చెప్పి పెద్ద పటకారు బల్ల మీద పెట్టి వెళ్లింది.

జోయల్ పటకారు మీద చెయ్యి వేశాడు. అత్తమ్మ వాడి చేతి మీద ఒకటి వేసింది.

"ప్రార్థన గాకుండనే?"

ఇక్కడే తప్పు జరిగింది. మా ఇంట్లో అన్నీ వండి, వడ్డించి, అందరం కూర్చున్నాక ప్రార్థన. దేవుడు వినేంతసేపు కూర కాస్త చల్లారుతుంది, అంతే నష్టం. ఇక్కడ కూర ఇంకా పొయ్యి మీదే ఉంది, మంట మీద. ఈ చిన్న తేడా మా ఏడుగురిలో ఒక్కరికీ తట్టలేదు. బుద్ధిగా తలలు వంచి కళ్లు మూసుకున్నాం.

"ప్రేమగల తండ్రీ, నీకు స్తోత్రము. ఈ పూట మాకు దయచేసిన ఈ ఆహారము కొరకు నీకు వందనాలు. ఇది ఏం ఆహారమో నాకు తెల్వది గని నీకు తెలుసు ప్రభువా. కొరియా దేశములో ఉన్న నీ బిడ్డలను దీవించుము. వండుతున్న ఆ అయ్యను, తెచ్చిపెట్టిన ఈ బిడ్డను, వాళ్లు ఇడిసొచ్చిన ఊరును చల్లగ చూడుము."

పెనం చిటపటలాడుతోంది. మామూలుగా ఇక్కడికి అత్తమ్మ ప్రార్థన ఒడ్డుకు రావాలి. రాలేదు.

"తండ్రీ, నా పెద్ద కొడుకు ఈ పొద్దు నా ఇడుపు దాటి పోతున్నడు. పోనీ, బతుకుదెరువు గద. దాని గురించి నేను ఏడుస్తలేను. నా ఇద్దరు కోడండ్ల గురించి ఏడుస్తున్న. ఒక్కింట్ల ఉండి మాట్లాడుకోక అయిదు నెలలాయె. నేను అడిగితె ఏం లేదత్తమ్మా అంటరు. నీకన్న చెప్తరేమో అడుగు ప్రభువా. నాకు ఆడిబిడ్డలు లేరని నువ్వే గద ఈ ఇద్దర్ని ఇచ్చినవ్. ఇచ్చినోనివి, నువ్వే కలుపు."

మూసిన కళ్ల వెనక నాకు నీళ్లు తిరిగాయి. పక్క బల్లల వాళ్లు కూడా మాటలు ఆపేసినట్టున్నారు. వాన చప్పుడు, పెనం చప్పుడు, అత్తమ్మ గొంతు. ఆ మూడూ కలిసి ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టుంది. అప్పుడు ముక్కుకు తగిలింది, మాడు వాసన.

ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదు. తెరిచాను. ఎదురుగా అక్క కళ్లు అప్పటికే తెరిచి ఉన్నాయి.

పెనం నుంచి నీలంగా పొగ లేస్తోంది. నేను పటకారు అందుకున్నాను. అదే క్షణంలో అక్క చెయ్యి పొయ్యి కింది మీటను తిప్పి మంట తగ్గించింది. నేను ముక్క లేపితే ఆమె పళ్లెం ముందుకు జరిపింది. నేను తిప్పాను, ఆమె జరిపింది. గిన్నె తగిలిన చప్పుడు కాలేదు, గాజులు కూడా చప్పుడు కాలేదు. ఏ ముక్క ముందు తీయాలో, ఏది ఇంకొంచెం ఉండాలో ఒకరినొకరం అడగలేదు. పన్నెండేళ్లు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డ చేతులకు మాటలెందుకు? కలలో వంట చేస్తున్నట్టుంది. ఆ కల ఆగిపోతే బాగుండదని, అత్తమ్మ ప్రార్థన ఇంకాస్త సాగాలని నాకు మనసులో అనిపించింది.

మంచి ముక్కలు పళ్లెంలోకి వెళ్లాయి. నల్లగా మాడినవి మిగిలాయి. వాటిని ఎవరూ చూడకముందే తీసి నా పళ్లెంలో వేసుకున్నాను. మా ఇంట్లో మాడిన రొట్టెలు ఎప్పుడూ మగవాళ్ల దగ్గరకూ పిల్లల దగ్గరకూ పోవు. తలెత్తి చూస్తే, అక్క కూడా పెనం అటు అంచున మాడినవాటిని తన పళ్లెంలోకి లాక్కుంటోంది. ఇద్దరం ఒకరి పళ్లెం ఒకరం చూసుకున్నాం. ఆమె పెదవి కొస కదిలింది. నేను నవ్వాపుకోవడానికి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఆమెన్" అంది అత్తమ్మ.

"ఆమెన్" అన్నాం అందరం. నా గొంతు, అక్క గొంతు కాస్త ఆలస్యంగా కలిశాయి.

అత్తమ్మ కళ్లు తెరిచి పొగను చూసింది. "ఏంది ఇట్ల మాడిందా?"

"నువ్వు దేవునితోని గంత ముచ్చట పెడితె మాడదానె?" అన్నారు బావ.

అందరూ నవ్వారు. హోటలామె పరుగున వచ్చి పొగ చూసి, కిటికీ కొంచెం తెరిచి, మరో చిన్న పళ్లెం నిండా ముక్కలు తెచ్చి పెట్టింది. "ప్రేయర్ చేసిన్రు కదా. మేం కూడా చేస్తాం, కానీ గ్యాస్ బంద్ చేసి" అంది. అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాత అందరం హాయిగా తిన్నాం. ఆకులో చుట్టిన కోడి ముక్క నోటినిండా పడితే, చిన్నప్పుడు అమ్మ కలిపి పెట్టిన పెద్ద ముద్దే గుర్తొస్తుంది. మాట్లాడటానికి వీలుండదు, నమలడమే పని. పిల్లలు ఎర్రటి పులుసులో ఉడికిన మెత్తటి బియ్యప్పిండి కడ్డీలు తిన్నారు. మావాళ్లకు ఆ కారం తగిన కారమే. చిన్నపిల్లలుంటే తక్కువ వేయమని ముందే చెప్పండి. అన్నం కాస్త అతుక్కుంటుంది. పుల్లలతో తినడం కీర్తనకు తప్ప ఎవరికీ రాలేదు, చేత్తో తింటే అక్కడ ఎవరూ వింతగా చూడలేదు. బిల్లు కీర్తన చెప్పినట్టే వచ్చింది. అన్నదమ్ములిద్దరూ దాని మీద పోట్లాడుకుంటుంటే అత్తమ్మ తన బొడ్డు సంచీ తీసింది, ఇద్దరూ హడలిపోయి సగం సగం ఇచ్చేశారు.

అయినా మాట మాత్రం రాలేదు. నా మాడిన ముక్కల్లోంచి రెండు అక్క చేయి చాచి తీసుకుని తినేసింది. నేను ఆమె గ్లాసులో నీళ్లు పోశాను. అంతే. ఇద్దరి నాలుకలూ ఇంకా పంతం మీదే ఉన్నాయి. మెట్లు దిగుతుంటే నాకు మళ్లీ భయం మొదలైంది.

నాలుగు కావస్తోంది. వాన వెలిసి రోడ్డంతా తళతళలాడుతోంది. వరంగల్ రోడ్డు మీద, ఎప్పటినుంచో కడుతున్న ఫ్లైఓవర్ స్తంభాల కింద పోచారం వైపు బస్సులు ఆగుతాయి. వాళ్లను ఎక్కించి మేం నాచారం పోవాలి. నీళ్ల గుంటల్లో ఎర్ర బస్సులు తలకిందులుగా కనిపిస్తుంటే జోయల్ వాటిని దాటుతూ గెంతుతున్నాడు. అత్తమ్మ కీర్తన తల మీద చెయ్యి పెట్టి ఏదో గొణుగుతోంది. బావ మా ఆయన భుజం తట్టి, "వారం వారం వస్త గదరా, చర్చికి" అన్నారు. మా ఆయన తలూపాడు.

పోచారం మీదుగా పోయే ఘట్‌కేసర్ బస్సు వచ్చింది. కీర్తన ఎక్కింది, బావ ఎక్కారు. అక్క ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. వెనక ఎవరో, "ఎక్కమ్మా, జల్ది" అన్నారు. ఆమె ఎక్కేసింది. అయిపోయిందనుకున్నాను. 

అప్పుడు కిటికీలోంచి తల బయటికి వచ్చింది.

"సునీతా."

అయిదు నెలల తర్వాత ఆ నోట నా పేరు. మధ్యలో పిల్లలెవరూ లేరు.

"రేపు పొద్దుగాల ఏం వండుతున్నవ్?"

పన్నెండేళ్లలో ఏ రోజూ అది నాకు నేనుగా అనుకున్నది లేదు. రాత్రి అక్క చెప్పేది, పొద్దున నేను తరిగేదాన్ని. 

"ఏమో అక్కా. నువ్వే చెప్పు" అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది, రోడ్డు మీదే, అందరి ముందే.

బస్సు కదిలింది. ఆమె కూడా కళ్లు తుడుచుకుంటూనే అరిచింది. "ఫ్రిజ్ల కింది అరల బెండకాయ తెచ్చిపెట్టిన. ఇంకో రోజుంటె ముదురుతది. గదే చెయ్యి!"

తర్వాత ఇంకేదో కూడా అంది, హారన్లలో వినపడలేదు. బస్సు స్తంభాల మధ్య ఎర్ర చుక్కయ్యేదాకా నిలబడ్డాను.

తిరుగు బస్సులో అత్తమ్మకు కిటికీ పక్క సీటు దొరికింది. కూర్చున్న కాసేపటికే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఉప్పల్ నుంచి హబ్సిగూడ, హబ్సిగూడ నుంచి నాచారం. దారంతా తడిసిన దుకాణాలు, ఇంకా వెలగని దీపాలు. కొరియా భోజనం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, బాగుంది, చవక, కుటుంబంతో వెళ్లొచ్చు అని చెబుతాను. ప్రార్థన చేసుకునేవాళ్లు పొయ్యి ఆర్పి చేసుకోండని కూడా చెబుతాను. కానీ మాకు మాత్రం ఆ పొయ్యి అలా వెలుగుతూ ఉండటమే మేలైంది.

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ఫ్రిజ్ తెరిచాను. కింది అరలో పొడిగుడ్డలో చుట్టిన బెండకాయలు. విప్పి చూస్తే కిలోకు తక్కువ లేవు. మిగిలింది నలుగురమని తెలిసి కూడా, అక్క ఏడుగురికి సరిపోయేటట్టే కొని పెట్టింది. రేపు పనికి సెలవు పెట్టైనా సరే, పొద్దున్నే లేచి అంతా వండి, సగం డబ్బాలో సర్దుకుని పోచారం బస్సెక్కాలి.